ట్రయల్‌లో చేరమంటున్నారు, ఇంట్లో వద్దంటున్నారు

బెజవాడ_స్వాతి
నాకు 32, ఆయనకు 35. పెళ్లయి ఏడేళ్లు. ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతి) చేయించుకుంటున్నాం. రెండు ట్రాన్స్‌ఫర్లు అయ్యాయి, అంటే పిండాన్ని గర్భసంచిలో పెట్టడం. రెండుసార్లూ బీటా (గర్భం నిలిచిందో లేదో చెప్పే రక్త పరీక్ష) నెగటివ్. ఇప్పుడు మళ్లీ పికప్ (అండాలు బయటికి తీయడం) నుంచి మొదలుపెట్టాలి. మేము చూపించుకుంటున్న చోట "ఈసారి ఏదీ వదలొద్దు, అన్నీ చేసేద్దాం" అంటున్నారు. అన్నీ అంటే ఏమిటంటే, స్క్రాచింగ్ అట, గర్భసంచి లోపలి పొరని కొద్దిగా గీకుతారు. ఈఆర్‌ఏ అట, పిండాన్ని ఏ గంటకి పెట్టాలో చెప్పే టెస్టు. పీజీటీ అట, పిండంలో క్రోమోజోములు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే టెస్టు. పైన స్టెరాయిడ్ మాత్రలు. మామూలు ఖర్చు కాక ఇంకో లక్షా ముప్పై వేలు.

సెకండ్ ఒపీనియన్‌కి ఇంకో చోటికి వెళ్తే అక్కడి డాక్టరమ్మ గారు అవేవీ అక్కర్లేదన్నారు. కానీ ఒక ట్రయల్‌లో చేరతారా అని అడిగారు. డే ఫైవ్‌కి వచ్చిన పిండాల్లో ముందు ఏది పెట్టాలో సగం మందికి ఎంబ్రియాలజిస్ట్ (ల్యాబ్‌లో పిండాల్ని పెంచే నిపుణులు) చూసి చెబుతారట, సగం మందికి కంప్యూటర్ చెబుతుందట. మనం ఏ సగంలో పడతామో లాటరీ. ఆ సంగతి మనకి చెప్పరు కూడా.

ఇంట్లో చెప్పాను, అంతే. అత్తయ్య "మన పిల్లల మీద ప్రయోగాలా, మనమేమన్నా ఎలకలమా" అని రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆయనేమో "డబ్బు పోతే పోయింది, ప్యాకేజీ తీసుకుందాం, అన్నీ చేశామన్న తృప్తయినా ఉంటుంది" అంటున్నారు. నాకు బుర్ర పనిచేయడం లేదు. ఎవరైనా ట్రయల్‌లో చేరారా?

గోదారి_గట్టు
ఎలకలకి ఇరవై రోజుల్లో పిల్లలు పుడతాయి అక్కా. మనకంత అదృష్టమా!

చందు_వాళ్లమ్మ
స్క్రాచింగ్ చేయించుకో స్వాతీ. నాకు మూడు ఫెయిల్ అయ్యాక నాలుగోసారి స్క్రాచింగ్ చేశారు, ఆ నెలే నిలబడింది. మా చందుకి ఇప్పుడు నాలుగేళ్లు. ఎవరేమన్నా నేను దాన్నే నమ్ముతాను. పెద్ద నొప్పి కూడా ఉండదు, పీరియడ్ నొప్పిలా ఒక పది నిమిషాలు.

లెక్కల_మాస్టారు
డాక్టర్ని కాదు, కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. మా అమ్మాయి కోసం రెండేళ్లు ఈ పేపర్లన్నీ చదివాను, ఆ అనుభవంతో రాస్తున్నాను.

స్క్రాచింగ్ మీద న్యూజిలాండ్ వాళ్లు నడిపిన పెద్ద ట్రయల్ 2019లో వచ్చింది. ఐదు దేశాలు, 1364 మంది ఆడవాళ్లు. లాటరీ వేసి సగం మందికి గీకారు, సగం మందికి గీకలేదు. గీకిన 690 మందిలో బిడ్డ పుట్టింది 180 మందికి. గీకని 674 మందిలో 176 మందికి. శాతాల్లో చూస్తే రెండు వైపులా 26.1. దశాంశంతో సహా ఒకటే.

ఇప్పుడు చందు వాళ్లమ్మ గారి మాట. ఆ 180 మంది తల్లుల్ని అడగండి, చాలామంది "స్క్రాచింగ్ వల్లే" అంటారు. తప్పు లేదు, వాళ్ల కళ్ల ముందు జరిగింది అదే. గీకకుండా బిడ్డని ఎత్తుకున్న 176 మంది మాత్రం ఇలాంటి చోట రాయరు. ఏం రాస్తారు, "నాకు ఏమీ చేయలేదు, పుట్టాడు" అనా?

ఈఆర్‌ఏ మీద 2022లో అమెరికాలో ఒకటి వచ్చింది, 767 మంది. టెస్టు చెప్పిన టైముకి పెట్టిన వాళ్లలో 58.5 శాతం మందికి బిడ్డ, మామూలు టైముకి పెట్టిన వాళ్లలో 61.9 శాతం మందికి. అంటే తేడా లేనట్టే. స్టెరాయిడ్ మాత్రల మీద చైనాలో 2023లో వచ్చింది. పదే పదే ఫెయిల్ అయిన 715 మంది. మాత్ర వేసుకున్న వాళ్లలో 37.8 శాతం మందికి బిడ్డ, ఉత్త పిండి మాత్ర వేసుకున్న వాళ్లకి 38.8.

స్వాతి గారూ, మీ ప్యాకేజీలో మూడు అయిపోయాయి. పీజీటీ సంగతి తర్వాత రాస్తాను, అది కొంచెం చిక్కు వ్యవహారం.

చందు_వాళ్లమ్మ
అంటే నా కొడుకు లెక్కలో పొరపాటున పుట్టాడంటారా మాస్టారూ?

లెక్కల_మాస్టారు
అయ్యో, అలా అంటే నా నోరు పడిపోతుంది తల్లీ. చందు పుట్టాల్సినవాడు, పుట్టాడు. ఆ గౌరవం ఆ గీకుడుకి ఇవ్వొద్దంటున్నాను, అంతే. ఆ పిండానిదీ మీదీ.

చందు_వాళ్లమ్మ
సరే, ఈ మాట బాగుంది. క్షమించాను.

లీడ్స్_లక్ష్మి
ఇక్కడ ఇంగ్లండ్‌లో క్లినిక్‌ల మీద హెచ్ఎఫ్ఈఏ అని ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. ఇలాంటి అదనపు చికిత్సలన్నిటికీ రంగులు వేసి పెడుతుంది. ముందు సిగ్నల్ లైట్లలా మూడు రంగులుండేవి, 2023 అక్టోబరు నుంచి ఐదు చేశారు. పచ్చ అంటే ట్రయల్స్‌లో పనిచేసింది, నలుపు అంటే తేడా ఏమీ లేదని తేలింది, ఎరుపు అంటే నష్టం కూడా ఉండొచ్చు. నేను కన్సల్టేషన్‌కి వెళ్లే ముందు ఆ పేజీ ఫోన్‌లో తెరిచి పెట్టుకుని వెళ్లాను. డాక్టర్ నవ్వి "నా పని సగం మీరే చేసేశారు" అన్నాడు. అయినా అమ్మాలనుకునే చోట అమ్ముతూనే ఉన్నారు, ఇక్కడా మనుషులే కదా.

నలభై_దాటాక
మాస్టారూ, మీ సగటులు నాకు నచ్చవు. నాకు 41. నాకు మిగిలిన టైము ఎంత? ట్రయల్ ఫలితం వచ్చేసరికి నాకు నలభై ఆరు. రెండు అబార్షన్లు అయ్యాక పీజీటీ చేయించాను. ఆరు పిండాల్లో ఐదు పనికిరావని తేలింది, మిగిలిన ఒక్కటి పెట్టారు, ఇప్పుడు ఐదో నెల. ఆ ఐదూ ఒక్కొక్కటీ పెట్టుకుంటూ పోయి ఉంటే నా ఒంటికీ మనసుకీ ఏమయ్యేదో ఊహించుకోండి. "తేడా లేదు" అని ఒక్క మాటతో కొట్టిపారేయకండి.

లెక్కల_మాస్టారు
పీజీటీ చిక్కు అన్నది అందుకే. మీరన్నదాంట్లో నిజముంది.

2019 నాటి ట్రయల్ ఒకటి, 25 నుంచి 40 ఏళ్ల వాళ్లు 661 మంది. మొత్తంగా చూస్తే గర్భం నిలిచింది పీజీటీ చేసినవాళ్లలో 50 శాతం, చేయనివాళ్లలో 46 శాతం, లెక్కలోకి వచ్చే తేడా కాదు. కానీ 35 దాటినవాళ్లని విడిగా తీసి ఒక్కో ట్రాన్స్‌ఫర్‌కి ఎంత అని చూస్తే 51, 37. అంటే ట్రాన్స్‌ఫర్ దాకా వచ్చినవాళ్లకి మేలు కనిపించింది. అదే మొదట్లో చేరినవాళ్లందరినీ కలిపి లెక్కేస్తే ఆ వయసులో కూడా తేడా నిలబడలేదు, ఎందుకంటే పెట్టడానికి ఒక్క పిండం కూడా మిగలనివాళ్లు ఉంటారు.

చిన్న వయసువాళ్ల సంగతి వేరు. 2021లో చైనా నుంచి వచ్చిన దాంట్లో 1212 మంది, వయసు 20 నుంచి 37, అందరికీ కనీసం మూడు మంచి బ్లాస్టోలు (ఐదో రోజు దాకా బాగా పెరిగిన పిండాలు) ఉన్నాయి. పీజీటీ చేసినవాళ్లలో చివరికి బిడ్డ పుట్టింది 77.2 శాతం మందికి, చేయనివాళ్లలో 81.8. టెస్టు పిండాన్ని బాగుచేయదు కదా, ఏరుతుంది. ఉన్న నాలుగు మామిడిపళ్లలో ఏది తీపో ముందే చెబుతుంది, ఐదో పండు కాయించదు. పైగా ఏరేటప్పుడు ఒకోసారి మంచి పండు కూడా పక్కన పడేస్తుంది.

స్వాతి గారికి 32. మీకు 41. ఒకే టెస్టు, ఇద్దరికీ ఒకే సమాధానం కాదు.

నలభై_దాటాక
ఈ మాట ముందే అంటే నేను అరిచేదాన్ని కాదుగా.

గోదారి_గట్టు
మాస్టారు మామిడిపళ్ల మీదకి వెళ్లారంటే ఆకలేసిందన్నమాట.

ల్యాబ్_చెప్పులు
ఎంబ్రియాలజిస్ట్‌ని, పదకొండేళ్లుగా. ఎక్కడో చెప్పను. ఇంతవరకూ అందరూ డాక్టరు రాసేవాటి గురించే మాట్లాడుతున్నారు, తలుపు లోపల జరిగేది ఎవరూ అడగరు. పేషెంట్లు కూడా అడగరు. పికప్ అయ్యాక మీ ఎగ్స్ ఐదు రోజులు మాతోనే ఉంటాయి. ఆ ఐదు రోజుల్లో ఇంక్యుబేటర్ 37 డిగ్రీలు తప్పకూడదు. బయట గాలిలో ఆక్సిజన్ 21 శాతం. కడుపులో పిండానికి అంత ఉండదు, అందుకని మంచి ల్యాబ్‌లలో ఐదు శాతానికి తగ్గించి పెంచుతారు. కార్బన్ డయాక్సైడ్ కొంచెం అటూ ఇటూ అయితే ద్రవం పీహెచ్ మారిపోతుంది. గాలిలో రంగు వాసన, సెంటు, ఫినాయిల్, ఏదీ ఉండకూడదు. మేము డ్యూటీకి పౌడర్ కూడా రాసుకోం.

ఒక దసరాకి జరిగింది చెబుతాను. ఆయుధ పూజ రోజు పొద్దున్నే కొత్తగా చేరిన అటెండర్ పసుపు కుంకుమ పళ్లెం, ఒక కట్ట అగరొత్తులతో ల్యాబ్ బయట నిలబడ్డాడు, ఇంక్యుబేటర్‌కి బొట్టు పెట్టాలని. లోపల పద్నాలుగు మంది పిండాలున్నాయి. నేను గావుకేక పెట్టాను. పాపం అతని భక్తికి ఏం తప్పు? చివరికి కింద సెల్లారులో జనరేటర్‌కి బొట్టు పెట్టించి, అక్కడే హారతి ఇప్పించాం. నిజం చెప్పాలంటే ఆ జనరేటర్‌కే ఎక్కువ మొక్కాలి.

స్వాతి గారూ, ప్యాకేజీ కంటే ముందు ల్యాబ్ నంబర్లు అడగండి. 2017లో యూరప్ ఎంబ్రియాలజిస్టులు వియన్నాలో కూర్చుని ఏ ల్యాబ్‌కైనా కనీసం ఎంత రావాలో రాసిపెట్టారు. ఇక్సీ (ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో ఎక్కించడం) చేసిన ఎగ్స్‌లో సరిగ్గా ఫర్టిలైజ్ అయ్యేవి కనీసం 65 శాతం, బాగా చేసే చోట 80. వాటిలో ఐదో రోజుకి బ్లాస్టో అయ్యేవి కనీసం 40, బాగా చేసే చోట 60. ఫ్రీజ్ చేసిన బ్లాస్టోలు కరిగించాక బతికేవి కనీసం 90 శాతం. "మీ ల్యాబ్‌లో గత ఏడాది ఎంత" అని అడగండి. నంబరు చెప్పగలిగితే వాళ్లు రాసుకుంటున్నారని అర్థం. "అన్నీ దేవుడి దయ" అన్నారనుకోండి, మీరే ఆలోచించుకోండి.

బెజవాడ_స్వాతి
పదకొండేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కంప్యూటర్ ట్రయల్ గురించి ఏమంటారు? మీ ఉద్యోగం పోతుందని భయం లేదా?

ల్యాబ్_చెప్పులు
హహ. ఆ ప్రశ్నకి సమాధానం ఒక ట్రయల్‌లోనే ఉంది. ఆస్ట్రేలియా, యూరప్‌లలో 14 క్లినిక్‌లు, 1066 మంది, 2024లో వచ్చింది. కంప్యూటర్ ఎంచిన పిండాలతో గర్భం నిలిచింది 46.5 శాతం, ఎంబ్రియాలజిస్టులు ఎంచినవాటితో 48.2. కంప్యూటర్ మనకేమీ తీసిపోదని నిరూపించాలని బయలుదేరారు, నిరూపించలేకపోయారు. కానీ కంప్యూటర్‌కి ఒక్కో పేషెంటుకి పట్టిన టైము ఇరవై సెకండ్ల చిల్లర, మాకు మూడు నిమిషాల పైన. కాబట్టి ఉద్యోగం పోదు, టీ తాగే టైము పెరుగుతుంది.

మీకు కావలసిన మాట ఇది. ఏ సగంలో పడినా మీ పిండాలు మీవే. ఏదీ పారేయరు, వరస మారుతుంది అంతే. మిగిలినవి ఫ్రీజ్ అవుతాయి. అది సమ్మతి పత్రంలో రాసి ఉందో లేదో మాత్రం చూసుకోండి.

సిద్దిపేట_శీను
మగవాళ్లు మాట్లాడొచ్చా ఇక్కడ? ఏడేళ్లు మా ఆవిడకే టెస్టులు చేసిన్రు. చివరికి నాకు చేస్తే వీర్యకణాల కౌంటు సున్నా. వై క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లేదన్నరు. హైదరాబాద్ సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో వీటి మీద పరిశోధన జరిగిందని అప్పుడే తెలిసింది. నా తప్పు కాదు, పుట్టుకతోనే ఉందని తెలిశాక ఆ రాత్రి నిద్రపోయిన. స్వాతి గారూ, మీ ఆయన రిపోర్టులు నార్మలేనా?

బెజవాడ_స్వాతి
నార్మలే అండి. అయినా రెండుసార్లూ ఇక్సీ చేశారు.

లెక్కల_మాస్టారు
మగవారి రిపోర్టు బాగున్నప్పుడు ఇక్సీ వల్ల అదనంగా ఏమైనా ఒరుగుతుందా అని వియత్నాంలో 1064 జంటల మీద చూశారు, 2021. ఇక్సీతో 35 శాతం మందికి బిడ్డ, మామూలు ఐవీఎఫ్‌తో 31 శాతం మందికి. గట్టిగా చెప్పగలిగిన తేడా కాదు. అడిగి చూడండి, మీకు ఎందుకు చేశారో కారణం ఉండొచ్చు.

గోదారి_గట్టు
మాస్టారూ, ఒక్క మాట. మీ ట్రయల్స్ అన్నీ "ఉపయోగం లేదు" అనే చెబుతాయా? ఏదైనా పనిచేసిందా జన్మలో?

లెక్కల_మాస్టారు
ఎందుకు చేయలేదు. నెదర్లాండ్స్‌లో ట్యూబులు తెరుచుకున్నాయో లేదో చూసే ఎక్స్‌రే టెస్టుకి నీళ్ల డై బదులు గసగసాల నూనె డై వాడి చూశారు, 1119 మంది. నూనె వాడినవాళ్లలో 38.8 శాతం మందికి బిడ్డ, నీళ్లు వాడినవాళ్లలో 28.1. ఎంతోకాలంగా ఉన్న పాత పద్ధతే, 2017లో లెక్క తేలింది. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాలు సరిగ్గా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్లలో పిండాల్ని ఫ్రీజ్ చేసి తర్వాత పెడితే మేలని 2016లో చైనాలో తేలింది, 1508 మంది. ఫ్రీజ్ చేసి పెట్టినవాళ్లలో 49.3 శాతం మందికి బిడ్డ, వెంటనే పెట్టినవాళ్లలో 42. అంతకంటే ముఖ్యం, అండాశయాలు వాచి నీరు చేరే ప్రమాదం 7.1 శాతం నుంచి 1.3కి పడిపోయింది. అదే పద్ధతి పీసీఓఎస్ లేనివాళ్లకి వియత్నాంలో చేస్తే తేడా రాలేదు. ఎవరికి పనిచేస్తుందో తెలియడం కూడా ఫలితమే కదా.

మేనమామ_ఇల్లు
అండం విడుదల కావడానికి ఇచ్చే లెట్రోజోల్ మాత్ర సంగతి నేను చెప్పాలి. మా వదినకి పీసీఓఎస్. డాక్టర్ ఆ మాత్ర రాసేవారు, బాగా పనిచేస్తోందనేవారు. 2011లో మన దేశంలో సంతానం కోసం దాన్ని వాడకూడదని నిషేధించారు. మాత్ర షాపులో ఉంటుంది, కేన్సర్‌కి అమ్ముతారు, ఆమెకి రాయకూడదు. 2014లో అమెరికాలో 750 మంది మీద పెద్ద ట్రయల్ వచ్చింది, అంతకుముందు నుంచీ వాడే క్లోమిఫీన్ మాత్రతో 19.1 శాతం, లెట్రోజోల్‌తో 27.5 శాతం మందికి పిల్లలు. మన దగ్గర నిషేధం తీసింది 2017లో. అప్పటికి మా వదినకి నలభై. ఇప్పుడు మా చిన్నోడిని తన కొడుకులా పెంచుతోంది. ట్రయల్ అంటే మనకెందుకు అనుకునేవాళ్లకి ఇది చెబుతుంటాను.

నలభై_దాటాక
చదివి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పాత_కాగితాలు
కొంచెం పక్కకి వెళ్తున్నా, తిట్టుకోకండి. ప్రపంచంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ ఇంగ్లండ్‌లో 1978 జూలై 25న పుట్టింది. అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ చేతి మీదుగా దుర్గ పుట్టింది. ఆయన పిండాన్ని ఫ్రీజ్ చేసి, కరిగించి పెట్టానన్నాడు. ప్రభుత్వం వేసిన కమిటీ నమ్మలేదు, ఎగతాళి చేసింది. కంటి ఆసుపత్రికి బదిలీ చేశారు. 1981 జూన్‌లో ప్రాణం తీసుకున్నాడు. 1986లో బొంబాయిలో డాక్టర్ ఇందిరా హిందూజా గారితో కలిసి, దేశంలో మొదటిదని పేరొచ్చిన టెస్ట్‌ట్యూబ్ బేబీ కోసం పనిచేసిన శాస్త్రవేత్త ఆనంద్ కుమార్ తర్వాత ముఖోపాధ్యాయ్ చేతిరాత నోట్సు చదివి, 1997లో "మొదటివాడు నేను కాదు, ఆయన" అని రాశాడు. రాసిపెట్టిన కాగితాలు ఉండబట్టే కదా ఆ మాట అనగలిగింది.

గోదారి_గట్టు
తిట్టుకోలేదు. ఇది మాకు బడిలో ఎందుకు చెప్పలేదు?

బెజవాడ_స్వాతి
నిన్న రెండో చోటికి మళ్లీ వెళ్లాను, ఈసారి అత్తయ్యని కూడా తీసుకుని. సమ్మతి పత్రం తెలుగులో అడిగితే ఇచ్చారు, పదకొండు పేజీలు. మధ్యలో ఎప్పుడు మానుకున్నా మామూలు వైద్యం ఆగదని ఉంది. ట్రయల్ కోసం చేసేదానికి మన దగ్గర డబ్బు తీసుకోరని ఉంది. ఇంకా ఏం చూడాలి?

ల్యాబ్_చెప్పులు
సీటీఆర్‌ఐ నంబరు ఉందా? మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే చోటు అది, కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ నడుపుతుంది. ఆ నంబరు వెబ్‌సైటులో కొడితే ఎవరు చేస్తున్నారు, ఎంతమంది మీద, ఏం కొలుస్తారు, అన్నీ ఎవరైనా చూడొచ్చు. ఎథిక్స్ కమిటీ అనుమతి, వాళ్ల ఫోన్ నంబరు పత్రంలో ఉండాలి. సంతకం పెట్టిన కాపీ ఒకటి మీ దగ్గర ఉండాలి.

లెక్కల_మాస్టారు
ఏం కొలుస్తారో తప్పకుండా చూడండి. "బీటా పాజిటివ్" కొలుస్తారా, బిడ్డ పుట్టడం కొలుస్తారా? హోర్డింగుల మీద 70 శాతం, 80 శాతం అని ఉండేవి చాలాసార్లు బీటా లెక్కలు. అదీ ట్రాన్స్‌ఫర్ దాకా వచ్చినవాళ్లలో. పికప్‌కే ఆగిపోయినవాళ్లని ఎవరూ లెక్కపెట్టరు.

చందు_వాళ్లమ్మ
అత్తయ్య ఏమన్నారు మరి? అసలు సంగతి చెప్పకుండా పదకొండు పేజీలు అంటావేంటి.

బెజవాడ_స్వాతి
అత్తయ్య ఒక్కటే అడిగారు డాక్టరమ్మ గారిని. "మీ అమ్మాయికైతే చేర్పిస్తారా?" అని. ఆవిడ "ఇందులో చేర్పిస్తాను, ఆ లక్షా ముప్పై వేల ప్యాకేజీ మాత్రం చేయించను" అన్నారు. బయటికొచ్చాక అత్తయ్య మెట్ల మీద కూర్చుని, "అక్కడ డబ్బు తీసుకుని చేసేదీ ప్రయోగమే కదే, లెక్క రాసుకోరంతే" అన్నారు. మాస్టారూ, మా అత్తయ్య మీ క్లాసులో కూర్చున్నారా ఏమిటి?

లెక్కల_మాస్టారు
ఆవిడ క్లాసులో నేను కూర్చోవాలి.

సిద్దిపేట_శీను
ఆమెకు నా నమస్కారం చెప్పండి.

బెజవాడ_స్వాతి
చాలా రోజుల తర్వాత వస్తున్నా. ట్రయల్‌లో చేరాం. ఆయన మొదట గునిశారు, తర్వాత ఆ నంబరు కొట్టి వెబ్‌సైట్ అంతా చదివి ఇప్పుడు ఆఫీసులో అందరికీ క్లాసు పీకుతున్నారు. పన్నెండు ఎగ్స్, తొమ్మిది ఫర్టిలైజ్ అయ్యాయి, నాలుగు బ్లాస్టోలు. ఒకటి బుధవారం పెట్టారు, మూడు ఫ్రీజ్ చేశారు. ఎంచింది మనిషో మెషినో తెలియదు. ఇప్పుడు పడుకుని రాస్తున్నా, లేస్తే అత్తయ్య ఊరుకోవడం లేదు.

లీడ్స్_లక్ష్మి
లేచి తిరుగు తల్లీ! ట్రాన్స్‌ఫర్ తర్వాత మంచం పట్టడం వల్ల లాభం లేదని అమెరికా డాక్టర్ల సంఘం మార్గదర్శకాల్లోనే రాసి ఉంది. నేను ఆ సాయంత్రమే బస్సెక్కి ఇంటికి వెళ్లాను.

ల్యాబ్_చెప్పులు
నిజమే, జారిపడిపోదు. రెండు బ్రెడ్డు ముక్కల మధ్య జామ్‌లో పెట్టిన నువ్వుగింజ లాంటిది. ఊపితే రాలదు.

గోదారి_గట్టు
మామిడిపళ్లు అయ్యాయి, ఇప్పుడు బ్రెడ్డు జామ్. ఈ చర్చ చదివితే బరువు పెరుగుతాం. బీటా ఎప్పుడక్కా?

బెజవాడ_స్వాతి
వచ్చే సోమవారం.

నలభై_దాటాక
అయితే సోమవారం దాకా ఫోన్ అత్తయ్య చేతికిచ్చెయ్.

బెజవాడ_స్వాతి
ఇచ్చేశాను. ఇది ఆవిడే టైప్ చేస్తున్నారు. "మాస్టారు గారూ, ఆ గసగసాల నూనె మాట నిజమేనా, వంటల్లో వాడితే సరిపోతుందా?"

లెక్కల_మాస్టారు
వద్దమ్మా!! అది ఎక్స్‌రే కోసం అయోడిన్ కలిపిన మందు. వంటింట్లో గసగసాలు కోడికూరలో వేసుకోండి చాలు.